కొడవలి కణవ్యాధి గల బిడ్డకు నొప్పి వచ్చినప్పుడు రక్తపరీక్షలు

కొడవలి యనగా ఏమో కరిసల్ నేలపై పుట్టి పెరిగిన తెలుగువారికి వేఱుగ చెప్పనక్కరలేదు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరముల చుట్టును పఱచుకొన్న నల్లరేగడి చేలలో తరతరములుగా జొన్నయు సజ్జయు కోయుచు వచ్చినది దానితోనే. ఇరుగుపొరుగు తమిళులు దానిని అరివాళ్ అందురు. ఆ పనిముట్టు వంపును బట్టియే ఒక రక్తవ్యాధికి తెలుగున కొడవలి కణవ్యాధి యనియు, తమిళమున అరివాళ్ సెల్ శోగై యనియు పేరు వచ్చినది. ఈ వ్యాధి గల బిడ్డను నడిరాత్రి భరింపరాని నొప్పితో ఆసుపత్రికి కొనివచ్చినప్పుడు రక్తమున ఏమేమి పరీక్షింపవలెను, ఆ పరీక్షలు ఏమి చెప్పును, ఏమి చెప్పజాలవు అనునది ఈ వ్యాసమున విచారింపబడుచున్నది.

ఆరోగ్యవంతుని రక్తమందలి ఎఱ్ఱకణము గుండ్రముగా, నడుమ పల్లముగా, మెత్తగా ఉండును. తనకంటె సన్నని నాళమునందైనను ఒదిగి జారిపోవును. దానిలోని హిమోగ్లోబిన్ అను పదార్థము ఊపిరితిత్తులయందు ప్రాణవాయువును గ్రహించి శరీరమంతటికి అందించును. కొడవలి కణవ్యాధిలో ఈ హిమోగ్లోబిన్ ప్రాణవాయువును వదలిన వెంటనే ఒకదానికొకటి అంటుకొని కడ్డీలవలె బిగిసిపోవును. కణము వంగి, కరకుదేఱి, సన్నని నాళములలో చిక్కుకొనును. వెనుక వచ్చు రక్తము నిలిచిపోవును. అవతలి ఎముక మూలుగకు ప్రాణవాయువు అందదు. నొప్పి పుట్టుట అందువలననే. మామూలు ఎఱ్ఱకణము సుమారు 120 దినములు బ్రతుకగా, ఈ కణము 10 నుండి 20 దినములలోనే చితికిపోవును. అందుచేత బిడ్డ ఎల్లప్పుడును పాలిపోయియుండును, కన్నులు లేతపసుపుగా కనబడును.

ఈ వ్యాధిని శాస్త్రము గుర్తించి నూఱేండ్లు దాటినది. 1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, గ్రెనడా దీవినుండి వచ్చిన ఒక దంతవైద్య విద్యార్థి రక్తమున ఈ వంకర కణములను వర్ణించెను. 1949లో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు ఇది హిమోగ్లోబిన్ అణువునందలి దోషమని నిరూపించిరి. 1957 నాటికి వెర్నన్ ఇంగ్రాం ఆ దోషము ఎంత చిన్నదో చూపెను: ఆ అణువునందలి ఒక గొలుసున ఆఱవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లముండవలసిన చోట వాలీన్ ఉన్నది, అంతే. మన దేశమున మొదటి పరిశోధనలలో ఒకటి దక్షిణమునందే జరిగినది. 1952లో లేమన్, కట్‌బుష్ అను పరిశోధకులు నీలగిరి కొండజాతులయందు ఈ లక్షణమును కనుగొని ప్రకటించిరి. తెలుగుదేశమున పాడేరు, అరకు ప్రాంతముల గిరిజనులలోను, ఖమ్మము, ఆదిలాబాదు అడవులందలి కోయ, గోండు, కోలాము జాతులలోను ఇది కలదు. మలేరియా బహుకాలముగా పాతుకొనియున్న అడవులలోనే ఇది ఎక్కువగా ఉండుట కాకతాళీయము కాదు. దోషజన్యువు ఒక్కటే గలవారు మలేరియా మరణమునుండి కొంత కాపాడబడుదురని 1954లో తూర్పు ఆఫ్రికా పరిశోధనలవలన ఆలిసన్ చూపెను. రెండు జన్యువులును చేరిన బిడ్డకు మాత్రము ఆ రక్షణ లేదు సరికదా, మలేరియా వచ్చినచో ప్రాణాపాయమే.

కోవిల్‌పట్టి, విరుదునగరముల తెలుగు కుటుంబములు ఈ వ్యాధికి ప్రసిద్ధమైన కొండజాతులవారు కారు గదా, ఈ చర్చ వారికేల యని అడుగవచ్చును. నీలగిరులు అదే రాష్ట్రమున ఉన్నవి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములనుండి బ్రతుకుతెఱువునకై దక్షిణమునకు వచ్చు కూలి కుటుంబముల బిడ్డలు మన బడులలోనే, మన వీధులలోనే ఉందురు. ఆంధ్రదేశపు మన్యమునుండి వచ్చిన తెలుగు బిడ్డయు ఉండవచ్చును. అదియుగాక ఒక వ్యాధి సర్వసాధారణమైన చోట వైద్యుడు బిడ్డను చూచిన వెంటనే దానిని తలచును. అరుదైన చోట అది ఆలోచనకే రాదు. పాడేరులో వెంటనే పోల్చుకొను జబ్బును మైదానపు పట్టణమున కీళ్ళవాతమనియో, కడుపునొప్పియనియో, బడి ఎగగొట్టుటకు వేసిన వేషమనియో అనుకొనుట జరుగును. అందుచేత వ్యాధి అరుదైన ఊరిలోనే దానినిగూర్చిన తెలివిడి ఎక్కువ అక్కఱ. మేనరికపు మాటయు ఇచ్చట చెప్పవలసియున్నది. తల్లిదండ్రులిరువురును ఈ జన్యువును మోయువారైనప్పుడు ప్రతి కాన్పునందును నాలుగింట ఒక పాలు బిడ్డకు వ్యాధి కలుగుటకు అవకాశముండును. మేనరికము ఈ జన్యువును పుట్టింపదు. కుటుంబమున అది ముందే ఉన్నచో రెండు వైపులనుండి వచ్చి కలియుటకు దారి దగ్గఱ చేయును.

ఇక నొప్పి మాట. సాధారణముగా ఆఱు నెలలు నిండువఱకు బిడ్డకు ఏమియు కాదు. గర్భస్థ శిశువునందుండు హిమోగ్లోబిన్ అప్పటికింకను రక్తమున మిగిలియుండి కాపాడును. అది తగ్గిన పిమ్మట మొదటి చిహ్నము పలుమాఱు చేతులయందు, పాదములయందు కనబడును. చంటిబిడ్డ వ్రేళ్ళు బూరెలవలె ఉబ్బును, ముట్టనీయదు, గుక్కపట్టి యేడ్చును. పెద్దబిడ్డలకు కాళ్ళు, చేతులు, నడుము, ఱొమ్ము ఎముకలలో నొప్పి పుట్టును. జ్వరము, చలి, అలసట, ఒంటినీరు తగ్గుట దీనికి కారణములగుచుండును. ఈ బిడ్డల మూత్రపిండములు నీటిని పట్టియుంచజాలవు. కాబట్టి తఱచుగా నీరు త్రాగవలెను, తఱచుగా మూత్రవిసర్జనకు పోవలెను. తరగతిలో దానిని అల్లరిగా భావించి కూర్చుండబెట్టుట ఎండకాలపు కోవిల్‌పట్టిలో చిన్న తప్పు కాదు.

చదువరులు అన్నిటికంటె ముందుగా గమనింపవలసినది ఒకటి కలదు. ఈ నొప్పి ఉన్నదో లేదో, ఎంత ఉన్నదో చెప్పగల రక్తపరీక్ష ప్రపంచమున ఎక్కడను లేదు. హిమోగ్లోబిన్ ఎప్పటివలెనే ఉండి బిడ్డ విలవిలలాడవచ్చును. చీటీలో అంకెలన్నియు బాగుగనే ఉన్నవి గనుక నొప్పి కల్ల యని అనుటకు శాస్త్రాధారము లేదు. బిడ్డ చెప్పినదే ప్రమాణము. కావున పరీక్షాఫలితము వచ్చువఱకు నొప్పిమందును ఆపియుంచరాదు. ఆసుపత్రికి చేరిన అరగంటలోపల మొదటి మోతాదు అందవలెనని బ్రిటిష్ వైద్యమార్గదర్శనము 2012లో చెప్పినది. గంటలోపల మందిచ్చి, పిమ్మట అరగంట మొదలు గంటకొకసారి నొప్పిని మఱల విచారింపవలెనని అమెరికా రక్తవైద్యుల సంఘము 2020లో చెప్పినది. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ వంటి మందు కావలసివచ్చును. అభిని జాతి మందనగానే బిడ్డకు వ్యసనమగునేమో యని తల్లిదండ్రులును, కాగితములతో చిక్కువచ్చునేమో యని ఆసుపత్రులును వెనుదీయుట చిరకాలముగా ఉన్నది. 1985 నాటి మత్తుమందుల చట్టమును 2014లో సవరించి, వైద్యమునకు అత్యవసరమైన ఇట్టి మందులు దొరకుట సులభము చేసిరి. వైద్యుని పర్యవేక్షణలో కొలతప్రకారము ఇచ్చిన మందునకు భయపడి బిడ్డను ఏడిపించుట దయ కానేరదు.

అట్లయినచో రక్తపరీక్ష ఎందులకు? నొప్పిని కొలుచుటకు కాదు, నొప్పి చాటున దాగియున్న వేఱొక అపాయమును పట్టుకొనుటకు. మందు ఇచ్చుచునే, అదే సమయమున, రక్తమును తీయుదురు. సాధారణముగా మొదటిది ఊదారంగు మూత గల చిన్న గొట్టములోనికి తీసిన రక్తముతో చేయు సంపూర్ణ రక్తగణన. అందు హిమోగ్లోబిన్, తెల్లకణములు, ప్లేట్‌లెట్లు తెలియును. అయితే ఈ బిడ్డ హిమోగ్లోబిన్‌ను ఆరోగ్యవంతుల అంకెతో పోల్చరాదు. తీవ్రమైన రకపు వ్యాధి గల బిడ్డకు మంచిగా ఉన్న దినమునందును 6 నుండి 9 గ్రాముల మధ్య ఉండుట మామూలు. 7 గ్రాములు అను అంకెను చూచి క్రొత్త వైద్యుడు ఉలికిపడి రక్తమెక్కింపబూనవచ్చును. ఆ బిడ్డకు ఎప్పుడును ఉండునది 7 అయినచో భయమేమియు లేదు. ఎప్పుడును 9 ఉండు బిడ్డకు నేడు 7 వచ్చినచో అది ప్రమాదఘంట. రెండు చీటీలలోను అంకె ఒక్కటే, అర్థము వేఱు. కాబట్టి బిడ్డ కులాసాగా ఉన్నప్పుడు చేయించిన పరీక్ష చీటీ ఇంట భద్రముగా ఉండుట మందుసీసాతో సమానమైన రక్షణ. పాత చీటీలను చుట్టి చూరులో దోపు అలవాటు మనవారికున్నది. ఈ ఒక్క చీటీ విషయమున ఆ అలవాటు మానవలెను.

రెండవ పరీక్ష రెటిక్యులోసైట్ల లెక్క. ఈ పేరు మనవారికి అంతగా పరిచయము లేదు గాని పరీక్ష చాల గొప్పది. ఎముక మూలుగనుండి అప్పుడే వెలువడిన లేత ఎఱ్ఱకణములే రెటిక్యులోసైట్లు. ప్రత్యేకమైన నీలిరంగు అద్ది సూక్ష్మదర్శినిలో చూచినచో వాని లోపల వలవంటి పోగులు కనబడును. పెద్ద యంత్రము లేని ప్రయోగశాలయందును దీనిని చేయవచ్చును. ఆరోగ్యవంతునియందు ఇవి నూటికి ఒకటి రెండు మాత్రమే. కొడవలి కణవ్యాధి గల బిడ్డయందు కణములు త్వరత్వరగా నశించుచుండుటచేత మూలుగ రేయింబవళ్ళు పనిచేసి లేతకణములను పంపుచుండును. కనుక ఎక్కువగా ఉండుటయే ఆ బిడ్డకు సహజము. హిమోగ్లోబిన్ పడిపోయినప్పుడు ఎందువలన పడిపోయినదో ఈ లెక్కయే తెలుపును.

పార్వోవైరస్ బి19 అను సూక్ష్మజీవి కలదు. సామాన్య బాలునికి అది సోకినచో కొలదిపాటి జ్వరము, ఒంటిమీద ఎఱ్ఱదనము వచ్చి పోవును. తల్లి గమనింపక పోవచ్చును. కాని అది మూలుగలో ఎఱ్ఱకణముల తయారీని వారము పది దినములు నిలిపివేయును. కణములు 120 దినములు బ్రతుకువానికి ఈ విరామము లెక్కలోనిది కాదు. పది ఇరువది దినములలో కణములు చచ్చు బిడ్డకో, బావిలోనికి ఊట ఆగిపోయి తోడుట మాత్రము ఆగనట్లగును. అప్పుడు హిమోగ్లోబిన్ దిగును, రెటిక్యులోసైట్లు దాదాపు సున్నకు చేరును. ఈ రెండును కలిసి కనబడినచో వైద్యుడు ఆలసింపక రక్తమెక్కించుటకు ఏర్పాటు చేయును. ఇంట ఈ వ్యాధి గల వేఱొక బిడ్డ ఉన్నచో వానికిని పరీక్ష చేయవలెను, సూక్ష్మజీవి ఇంటిలోనే ఉన్నది గదా.

వేఱొక అపాయము ప్లీహమునకు సంబంధించినది. మన పల్లెలలో కడుపులో బల్ల పెరిగినది అను మాట వినని వారుండరు. ఆ బల్ల ప్లీహమే. కొన్నివేళల శరీరమందలి రక్తము హఠాత్తుగా ప్లీహములో చేరి చిక్కుకొనును. కొలది గంటలలో బిడ్డ తెల్లబాఱును, దాహమనును, ఎడమ ప్రక్కటెముకల క్రింద గడ్డవలె తగులును. హిమోగ్లోబిన్ మామూలుకంటె 2 గ్రాములో అంతకుమించియో తగ్గును, ప్లేట్‌లెట్లును తగ్గును, కాని రెటిక్యులోసైట్లు ఎక్కువగానే ఉండును. పై వ్యాధికిని దీనికిని భేదము ఇదియే. ఆఫ్రికా సంతతి బిడ్డలయందు ప్లీహము చిన్ననాడే ఎండిపోవుటచేత ఈ అపాయము సాధారణముగా అయిదేండ్లలోపువారికే. మన దేశపు వ్యాధిగ్రస్తులయందు గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలియుండుటవలన ప్లీహము పెద్దవయసువఱకును పెరిగియుండును, ఈ ముప్పును అంతవఱకును వెంటనుండును. మన దేశపు వ్యాధి కొంత తేలిక యని చెప్పుట కలదు గాని అందఱి విషయమున అది నిజము కాదు. తల్లికి ప్లీహమును చేతితో తడిమి చూచుట నేర్పుట చాలచోట్ల ఆచారమైనది. ఏ యంత్రమునకును లేని చుఱుకు ఆ చేతికి వచ్చును.

తెల్లకణముల లెక్క మోసము చేయునది. నొప్పివలననే అది పెరుగవచ్చును, సూక్ష్మజీవి సోకకున్నను పెరుగవచ్చును. పరిణతి చెందని ఎఱ్ఱకణములను యంత్రము తెల్లకణములుగా లెక్కించుటయు కలదు. రక్తకణములు దిగుడు వేగమును చూచు ఇ.ఎస్.ఆర్. పరీక్ష ఈ వ్యాధిలో నమ్మదగినది కాదు. వంకరకణములు ఒకదానిపై నొకటి దొంతరగా పేరుకొనవు గనుక ఫలితము తక్కువగా వచ్చును, లోపల చీము పట్టుచున్నను అంతా బాగున్నట్లు కనబడును. అందువలన జ్వరమునే నమ్మవలెను. 38.5 డిగ్రీల సెల్సియస్, అనగా 101.3 డిగ్రీల ఫారన్‌హీట్, లేక అంతకు మించిన జ్వరమున్నచో, నొప్పి ఉన్నను లేకున్నను, రక్తమును పెంపకపరీక్షకు పంపి, ఫలితము వచ్చుటకు పట్టు ఒకటి రెండు దినములు ఎదురుచూడక, వెంటనే సూదిమందు మొదలిడుదురు. ప్లీహము పనిచేయని బిడ్డయందు న్యుమోకాకస్ అను సూక్ష్మజీవి గంటలలో ప్రాణము తీయగలదు. మన్యమునుండియో ఒడిశానుండియో వచ్చిన బిడ్డయైనచో మలేరియా పరీక్షయు చేయవలెను. దగ్గు, ఱొమ్మునొప్పి, ఆయాసము ఉన్నచో ఎక్స్‌రే కావలెను. వ్రేలికి తగిలించు చిన్న పరికరము ప్రాణవాయువు పాలు తెలుపును. కడుపు కుడివైపు నొప్పియు పసిరికలును హెచ్చినచో బిలిరుబిన్, కాలేయపరీక్షలు అక్కఱకు వచ్చును. ఇదియైనను పాత చీటీతో పోల్చి చూడవలసినదే, ఈ బిడ్డల కన్నులు ఎప్పుడును కొంత పచ్చనివే గదా.

ఇవన్నియు అందఱికిని ప్రతిసారియు చేయవలసినవి కావు. జ్వరము లేక, పాలిపోక, ప్లీహము పెరుగక, ఎప్పటి చోటనే ఎప్పటి నొప్పితో వచ్చిన బిడ్డకు రక్తగణనయు రెటిక్యులోసైట్ల లెక్కయు చాలవచ్చును. పది కిలోల బిడ్డ ఒంట ఉన్న రక్తము మొత్తము ముప్పాతిక లీటరు మొదలు 800 మిల్లీలీటర్ల వఱకే. ఉన్నదే తక్కువయైన రక్తమును గొట్టము తరువాత గొట్టముగా తీయుట ఎవరికి మేలు? రక్తమెక్కించుట విషయముననూ ఇదే వివేకము కావలెను. కేవలము నొప్పికి రక్తమెక్కింపరాదు. ఎక్కింపవలసివచ్చినచో గుంపు చూచి, దాత రక్తముతో పొత్తు కుదురునో లేదో పరీక్షించి, కొంచెము కొంచెముగా ఎక్కించుదురు. హిమోగ్లోబిన్ 10 గ్రాములు మించినచో రక్తము చిక్కబడి మఱింత అడ్డుపడును.

వ్యాధి ఇంతవఱకు తేలని బిడ్డ సంగతి వేఱు. కరిగింపు పరీక్ష యనునది చవుకయైనది, నిమిషములలో ముగియును. ఆఱు నెలల లోపు బిడ్డయందు అది తప్పుగా లేదని చూపవచ్చును. ఒక్క జన్యువు మోయువానిని, వ్యాధిగ్రస్తుని వేఱుచేసి చెప్పలేదు. కాబట్టి హెచ్.పి.ఎల్.సి. అను పరీక్షతోనో ఎలక్ట్రోఫోరెసిస్‌తోనో నిర్ధారించుకొనవలెను. రక్తమెక్కించిన పిదప చేసినచో దాత రక్తము కలిసి ఫలితము తాఱుమాఱగును గనుక ఎక్కించుటకు ముందే ఆ మాదిరి తీసి దాచుట మంచిది.

నొప్పిని కొలుచు పరీక్ష లేదనుటవలన భాష ప్రధానమగును. తెలుగున నొప్పికి మాటల కొదువ లేదు. పుండు సలుపును, తల పోటెత్తును, కాళ్ళు పీకును, నడుము కలుక్కుమనును. ఎముకలోపల తొలిచినట్లుండు బాధను తమిళులు కుడైచ్చల్ అందురు, ఉళైచ్చల్ అనియు అందురు. ఇంట తెలుగు మాట్లాడి బడిలో తమిళము చదువు బిడ్డ తల్లితో కాళ్ళు పీకుచున్నవి అనును. ఆ తల్లి ఆసుపత్రిలో తడబడి కాలు వలి యని మాత్రము చెప్పును. ఇంతటి బాధ ఒక్క మాటలో ఇగిరిపోవును. ఎముకలో కుడైచ్చల్, నిన్న సాయంకాలము మొదలైనది, ఇంటిలో ఇచ్చిన మందుకు తగ్గలేదు, ఇదివఱకు ఇట్లే వచ్చినది అని తమిళమున నాలుగు వాక్యములు ముందే నేర్చుకొన్నచో వైద్యుని ఆలోచన వెంటనే త్రోవకు వచ్చును. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము పిదప మన పిల్లలు తమిళ లిపిని చక్కగా వ్రాయుచున్నారు. ఆ నైపుణ్యము ఇచ్చట పనికివచ్చును: ఒక అట్టమీద వ్యాధి పేరు తమిళమునను ఇంగ్లీషునను, మామూలు హిమోగ్లోబిన్ అంకె, రెటిక్యులోసైట్ల అంకె, రక్తపు గుంపు, ప్లీహము మామూలుగా ఎంత తగులును, వాడు మందులు, పడని మందులు వ్రాసి బడిసంచిలో ఒకటి, ఇంట ఒకటి ఉంచవలెను.

విరుదునగరమున ప్రభుత్వ వైద్యకళాశాల 2022 జనవరిలో ప్రారంభమైనది. తిరునెల్వేలి వైద్యకళాశాల 1965 నుండి ఉన్నది. మధురలో రాజాజీ ప్రభుత్వాసుపత్రి కలదు. కోవిల్‌పట్టి ప్రభుత్వాసుపత్రిలో మొదటి నొప్పిమందు, మొదటి రక్తగణన ముగించుకొని, అవసరమైనచో 108 బండిలో పెద్ద ఆసుపత్రికి పోవుట మేలు గాని, మందు లేకయే దారిలో బిడ్డను త్రిప్పరాదు. 2023 జూలై 1న మధ్యప్రదేశమున షాడోల్‌లో ఆరంభమైన జాతీయ కొడవలి కణవ్యాధి నిర్మూలనోద్యమము తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములతో కూడ 17 రాష్ట్రములకు వర్తించును. నలుబదేండ్ల లోపు ఏడు కోట్లమందిని పరీక్షించుట దాని సంకల్పము, పరీక్షింపబడినవారికి చీటీకార్డులిచ్చుచున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమునందును ఈ వ్యాధి చేర్చబడినది. ఒక ఇంట ఒక బిడ్డకు వ్యాధి తేలినచో తోబుట్టువులందఱికి హెచ్.పి.ఎల్.సి. చేయించి, వ్యాధి యున్నవారికి అయిదేండ్లు నిండువఱకు దినమునకు రెండుమార్లు పెనిసిలిన్, న్యుమోకాకస్ టీకాలు, వైద్యుడు చెప్పినచో హైడ్రాక్సీయూరియా మొదలిడవలెను. కులాసాగా ఉన్న దినమున తీసిన మొదటి రక్తగణన చీటీని ఆనాడే అట్టకు అంటింపవలెను.